పాత ఏటీవీ కొనే రైతు ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించాలి

సంపాదకులకు నమస్కారం.

నేను చిత్తూరు దగ్గర మెకానిక్ షెడ్ నడుపుతున్నాను. మోటార్ సైకిళ్లు, పవర్ టిల్లర్లు, మందు కొట్టే స్ప్రేయర్ ఇంజన్లు నా పని. పూతలపట్టు మండలంలో మా అమ్మ తరఫున వచ్చిన చిన్న మామిడి తోపు కూడా ఉంది. అందుచేత బండి కష్టమూ తెలుసు, రైతు కష్టమూ తెలుసు. మీ వ్యవసాయ పేజీ నేను వదలకుండా చదువుతాను. డ్రిప్పు గురించి, పాత ట్రాక్టర్ల గురించి మంచి విషయాలు వస్తుంటాయి. కానీ ఇప్పుడు మా వైపు తోపుల్లోకి వస్తున్న పాత ఏటీవీల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనబడటం లేదు. లావు టైర్లు నాలుగు, బైకుకు ఉన్నట్టు హ్యాండిల్, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చునే సీటు ఉండే బండి అది. రిసార్టుల్లో సరదాగా నడిపే ఆ బండిని ఇప్పుడు రైతులు పనికోసం కొంటున్నారు. కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పేవాళ్లు లేక నష్టపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ బండి వద్దని నేను అనడం లేదు. తోపుకు నిజంగా పనికొచ్చే బండి. చెట్ల వరుసల మధ్య ట్రాక్టర్ దూరని చోట ఇది దూరుతుంది. టైర్లలో గాలి చాలా తక్కువ, మోడల్‌ను బట్టి 3 నుంచి 7 పీఎస్ఐ దాకా ఉంటుంది కాబట్టి తడినేలలో దిగబడదు, మట్టిని గట్టిగా తొక్కదు. డ్రిప్పు పైపులు చూసుకోవడానికి, కాయల క్రేట్లు గట్టుకు చేర్చడానికి, మందు డబ్బాలు మోయడానికి వాడుకోవచ్చు. పలమనేరు వైపు కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగే ఊళ్లలో రాత్రి కాపలాకు దీన్ని వాడుతున్న రైతులున్నారు. కూలీలు దొరకని కాలంలో ఒక మనిషి నాలుగు మూలలా తిరిగి రావాలంటే ఇలాంటిది కావాల్సిందే.

బాధ ఎక్కడంటే, కొత్తది కొనే స్తోమత మనకు లేదు. 2025లో తోతాపురి మామిడి ధర ఎలా పడిపోయిందో మీరే రాశారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని నిర్ణయించాల్సి వచ్చిన ఏడాది అది. అలాంటి కాయ అమ్ముకున్న డబ్బుతో రైతు పాత బండి కోసం చూస్తాడు. ఆ పాత బండ్లు చాలావరకు బెంగళూరు చుట్టుపక్కల రిసార్టుల నుంచి, సాహస క్రీడల పార్కుల నుంచి, మద్రాసు వైపు నుంచి వస్తాయి. ఎవరో ఒకాయన లారీలో నాలుగైదు తెచ్చి, కడిగి, ప్లాస్టిక్‌కు పాలిష్ కొట్టి, కొత్త స్టిక్కర్లు వేసి నిలబెడతాడు. రైతు ఒక రౌండ్ తోలి చూస్తాడు. పిల్లలు వెనకాల పరిగెత్తుతారు. అడ్వాన్స్ చేతులు మారిపోతుంది.

అద్దెకు తిరిగిన బండికి పడినన్ని పాట్లు ఇంకే బండికీ పడవు. రోజూ కొత్తవాళ్లు ఎక్కుతారు, ఎవరికీ నడపడం రాదు. ఒక చేత్తో బ్రేకు పట్టి ఇంకో చేత్తో యాక్సిలరేటర్ నొక్కేవాళ్లు, బురదలో కావాలని దించేవాళ్లు, మలుపులో తిరగేసేవాళ్లు. దాని ఇంజన్ చల్లారే తీరిక లేకుండా సాయంత్రం దాకా తిరుగుతుంది. అలా అరిగినదంతా కొన్నాక బయటపడుతుంది.

ఈ మధ్య ఇరాల వైపు ఒక రైతు తన వెంట రమ్మంటే వెళ్లాను. బండి పైకి చాలా బాగుంది. నేను మొదట చేసే పని ఒక్కటే, స్టార్ట్ చేయకముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అమ్మే అబ్బాయిని అడిగాను.

"పొద్దున స్టార్ట్ చేసి పెట్టినా అన్నా. మీరొస్తే లేట్ కాకూడదని."

"మాకేం తొందర లేదు నాయనా. చల్లారనీ. అందాకా సీటు తీసి ఫిల్టర్ డబ్బా చూపించు."

ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూస్తామని ఎవరూ అడగరు కాబట్టి దాన్ని ఎవరూ కడగరు. బండి చరిత్ర అంతా అందులో ఉంటుంది. మూత తీశాం. స్పాంజి ఫిల్టర్ కొత్తది వేశారు, దానికి ఆయిల్ కూడా రాయలేదు. ఫిల్టర్ పక్కకు తీసి, లోపలి గొట్టంలోకి వేలు పెట్టి తిప్పితే వేలికి ఎర్రటి మెత్తని మట్టి అంటింది. డబ్బా మూలల్లో గట్టిపడిన ఒండ్రు, ఒక పొరగా, ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉంది. దుమ్ము అలా ఒకే గీతగా పేరుకోదు. నీళ్లు అంత ఎత్తుకు వచ్చి నిలిచి, ఆరిపోతేనే ఆ గీత పడుతుంది. తర్వాత డిప్‌స్టిక్ తీసి చూపించాను. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. గాలితో చల్లబడే ఇంజన్ అది, రేడియేటర్ లేదు. అంటే ఆ నీళ్లు బయటి నుంచే వచ్చాయి. బండి ఎక్కడో మునిగింది.

ఆ రైతు ఏమీ మాట్లాడకుండా నా వేలికున్న మట్టినే చూశాడు. కొనలేదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి కూడా ఎవరో అంటగట్టి ఉంటారు. కానీ ఆ డబ్బా తెరవకపోతే ఆ బండి ఇప్పుడు ఇరాలలో ఒక చెట్టు కింద నిలబడిపోయి ఉండేది.

మునిగిన బండి విషయం నేను ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం ఉంది. మన చుట్టూ వరదలు తక్కువేమీ రాలేదు. 2015 డిసెంబర్‌లో మద్రాసు మునిగింది. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు మళ్లీ మద్రాసు మునిగింది. కారు మునిగితే ఇన్సూరెన్స్ కాగితాల్లో ఆనవాలు మిగులుతుంది. రిజిస్ట్రేషనే లేని ఏటీవీ మునిగితే ఏ కాగితంలోనూ ఉండదు, కడిగి అమ్మేస్తారు. ఇంజన్‌లోకి నీళ్లు పోయి, ఆయిల్ మార్చకుండా కొన్నాళ్లు నిలిపితే బేరింగులు తుప్పు పడతాయి. అప్పటికి బాగానే తిరుగుతుంది, రెండు మూడు నెలలకు కింద నుంచి గరగరమని చప్పుడు మొదలవుతుంది. హెడ్‌లైట్ గాజు లోపల నీటి మరక, మీటర్ లోపల మసక, సీటు అడుగున మట్టి, వైర్ల సాకెట్లలో పచ్చగా పట్టిన చిలుము కూడా ఇదే చెబుతాయి. రేడియేటర్ ఉన్న ఇంజన్‌లో మాత్రం ఆయిల్ రంగు మారితే హెడ్ గాస్కెట్ గానీ నీళ్ల పంపు సీలు గానీ పోయి ఉండొచ్చు. అది వేరే రోగం, దానికీ ఖర్చు పెద్దదే.

ఇంజన్ చల్లారాక స్టార్ట్ చేయించి, సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో పోయినట్టు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, కార్బొరేటర్ సరిచేస్తే పోవచ్చు. రేడియేటర్ బండిలో తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే దాన్ని అక్కడే వదిలేయండి. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే ఎండిన లేత ఇటుక రంగు ఉండాలి, నల్లగా జిడ్డుగా ఉంటే మళ్లీ రింగుల అనుమానమే.

వీలైతే సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. షెడ్‌లో అందరి దగ్గరా ఉంటుంది, పని పదిహేను నిమిషాలు. రీడింగ్ తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదని అనుకోవాలి. ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని పెద్ద ఏటీవీల్లో సులువుగా స్టార్ట్ అవడానికి కంప్రెషన్‌ను కాస్త వదిలే ఏర్పాటు కంపెనీయే పెడుతుంది. వాటిలో రీడింగ్ మామూలుగానే తక్కువ వస్తుంది. ఆ మోడల్‌కు ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూసి పోల్చుకోవాలే గానీ, బైకుకు వచ్చే అంకె దీనికి రాలేదని మంచి ఇంజన్‌ను పాడైనదనుకోకూడదు.

తర్వాత చాసిస్. నా లెక్కలో ఇంజన్ కంటే ఇదే ముఖ్యం. ఇంజన్ పోతే డబ్బు పోతుంది, చాసిస్ విరిగితే మనిషి పోతాడు. పైన ఉన్న ప్లాస్టిక్ కప్పు చూసి మోసపోకుండా, బండిని జాకీ మీద లేపి, టార్చ్ లైట్ వేసుకుని కిందికి దూరి చూడాలి. ముందు చక్రాలను పట్టుకునే కమ్మీలు చాసిస్‌కు కలిసే చోట, షాక్ అబ్జార్బర్ల పై బోల్టుల దగ్గర, హ్యాండిల్ కాలమ్ అడుగున, కాళ్లు పెట్టే మెట్ల కింద పగుళ్లు వస్తాయి. కంపెనీ వెల్డింగ్ అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ఊళ్లో వేసిన వెల్డింగ్ ముద్దలు ముద్దలుగా ఉండి, పక్కన నిప్పురవ్వల మచ్చలు ఉంటాయి. మిగతా చాసిస్ అంతా మాసిపోయి ఒక్క చోట మాత్రం కొత్త నల్ల పెయింట్ మెరుస్తుంటే, ఆ పెయింట్ ఎందుకు వేశారో అడగండి. గోటితో గీకి చూడండి, ఎవరేమనుకున్నా పర్వాలేదు.

ఒక పురికొస తీసుకోండి. వెనక ఇరుసు చివర నుంచి ముందు చక్రం మధ్యకు, హ్యాండిల్ నిటారుగా పెట్టి, కుడివైపు ఒకసారి ఎడమవైపు ఒకసారి కొలవండి. రెండు కొలతలకు తేడా కనబడితే చాసిస్ గానీ కమ్మీలు గానీ వంగినట్టే. హ్యాండిల్ ఒక చివర ఇంకో చివర కంటే ఎత్తుగా ఉన్నా, వెనక సామాను పెట్టే క్యారియర్ ఒక మూల నొక్కుకుపోయినా బండి పల్టీ కొట్టిందని అర్థం. హ్యాండిల్ కొత్తది మారుస్తారు గానీ క్యారియర్ మూల మాత్రం ఎవరూ పట్టించుకోరు, కాబట్టి అక్కడ తప్పకుండా చూడండి.

జాకీ మీద ఉండగానే ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగో బాల్ జాయింటో పోయింది. అదే చక్రాన్ని కుడి ఎడమలు పట్టుకుని ఊపితే హ్యాండిల్ తిప్పును చక్రానికి అందించే టై రాడ్ చివరలు వదులయ్యాయో లేదో తెలుస్తుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఆ జాయింట్ మీద వేలు పెట్టమంటే ఏది కదులుతోందో చేతికే తెలుస్తుంది. చైన్ బండి అయితే వెనక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు వంగి కొక్కెంలా తయారయ్యాయేమో చూడాలి. చైన్‌ను వెనక్కి లాగితే పంటి సగం బయటపడితే చైన్, స్ప్రాకెట్లు సెట్ మొత్తం మార్చాల్సిందే. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ఇరుసుల మీద నల్ల రబ్బరు తొడుగులు ఉంటాయి, అవి చిరిగితే లోపలికి మట్టి పోయి జాయింట్ తినేస్తుంది. పూర్తిగా హ్యాండిల్ తిప్పి నిదానంగా తోలితే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. రబ్బరు తొడుగు ధర చిన్నది, లోపలి జాయింట్ ధర వింటే రైతు బండి వదిలేసి పోతాడు. ఈ బండ్లలో నాలుగు టైర్లూ కంపెనీ చెప్పిన సైజులోనే ఉండాలి. ముందు ఒక సైజు, వెనక దొరికిన సైజు వేసి నడిపిన బండిలో గేర్లు ఒకదానికొకటి రుద్దుకుని పాడవుతాయి. టైరు మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. బొడిపెలు ఎంత ఎత్తుగా ఉన్నా పక్క గోడలు పగిలి ఉంటే ఆ టైరు ముల్లు గుచ్చుకోకుండానే పోతుంది.

బెల్టుతో నడిచే ఆటోమేటిక్ బండిని ఎత్తుగట్టు మీదికి నిదానంగా ఎక్కించాలి. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే, కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు అయిపోయింది. బ్రేకులు, వాలులో నిలిపి పార్కింగ్ బ్రేక్ పట్టుకుంటుందా, రివర్స్ పడుతుందా, బ్యాటరీ, లైట్లు ఇవన్నీ ఎవరైనా చూస్తారు, నేను చెప్పాల్సిన పని లేదు. రెండు మాత్రం మరిచిపోకండి. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్‌ను వదలగానే టక్కున వెనక్కి రావాలి. ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినప్పుడు ఇంజన్ స్పీడు పెరగకూడదు. పెరిగితే కేబుల్ లాగబడుతోందని అర్థం. మలుపులో బండి దానంతట అదే ముందుకు ఉరుకుతుంది, గట్టు పక్కన అయితే ప్రాణాలకే ప్రమాదం.

తోలి చూసేటప్పుడు రెండు నిమిషాలు కాదు, బండి బాగా వేడెక్కే దాకా తోలాలి. ఆపేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయాలి. చల్లగా బాగా పట్టుకుని వేడి మీద మొండికేసే ఇంజన్‌లో వాల్వుల సందు తగ్గిపోయి ఉండొచ్చు. మే నెలలో మన ఎండకు, పాత బురద రేడియేటర్ రెక్కల్లో గట్టిపడి ఉంటే ఫ్యాన్ తిరిగినా ఇంజన్ చల్లబడదు. ఆ రెక్కల మధ్య నుంచి వెలుతురు కనబడుతోందా అని ఒకసారి చూడండి.

ఇంజన్ బాగుంది, చాసిస్ బాగుంది అనుకుందాం. అప్పుడు కూడా నేను సామాను గురించి అడుగుతాను. ఈ బండికి బెల్టు ఎక్కడ దొరుకుతుంది? బ్రేక్ ప్యాడ్లు? ఎన్ని రోజుల్లో వస్తాయి? 110, 125 సీసీ చిన్న చైనా బండ్లలో ఇంజన్ పడుకుని ఉంటుంది, చూడ్డానికి మన స్ప్లెండర్ ఇంజన్ మాదిరే ఉంటుంది. "స్ప్లెండర్ సామానే పడుతుందన్నా" అని అమ్మేవాళ్లు చెబుతారు. పిస్టన్‌కు కొలత తీసి చూడకుండా ఆ మాట నమ్మకండి. పేరు తెలియని కంపెనీ బండికి సామాను దొరక్కపోతే అది సగం ధరకు ఇచ్చినా నష్టమే. చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాల్సిన బెల్టు కోసం కాయ కోత మధ్యలో వారం పది రోజులు బండి ఆగిపోతే ఆ లాభమంతా కూలీ కిందే పోతుంది. ఈ విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతున్నాను. సామాను ఎక్కడ దొరుకుతుందో అమ్మేవాడు ఫోన్ చేసి మీ ముందే కనుక్కుని చెప్పలేకపోతే ఆ బండి కొనకండి.

కాగితాల గురించి రైతులకు చాలా అపోహలు ఉన్నాయి. "తోపులో తిప్పుకునేదానికి కాగితాలెందుకు" అంటారు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆవరణ లోపల మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక వాహనానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ తోపు దాటి పంచాయతీ రోడ్డు మీదికి రాగానే అది బహిరంగ స్థలం. రిజిస్ట్రేషన్ లేని బండిని అక్కడ నడపకూడదని సెక్షన్ 39 చెబుతోంది. మన తోపులు ఒకే చోట ఉండవు. ఇక్కడ రెండెకరాలు, రోడ్డు దాటితే మూడెకరాలు. రోడ్డు దాటే ఆ నిమిషంలో ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ లేదు, పరిహారం అంతా రైతు నెత్తి మీదే పడుతుంది. ట్రాక్టర్ కింద అనుమతి తెచ్చుకుని అమ్మిన మోడళ్లు కొన్ని ఉన్నాయి. మీరు చూస్తున్న బండి అలాంటిదైతే ఆర్సీ ఉంటుంది. అప్పుడు ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి ఓనర్ పేరు, ఫైనాన్స్ ఉందో లేదో చూసుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే తీరినట్టు ఫారం 35, కర్ణాటక, తమిళనాడు బండి అయితే అక్కడి నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ) కావాలి. ఆర్సీ లేని బండి అయితే మొదట కొన్న ఒరిజినల్ బిల్లు, అందులో ఉన్న చాసిస్ నంబర్, బండి మీద కొట్టిన నంబర్ ఒకటేనా అని చూడాలి. నంబర్ చోట గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే అది దొంగ బండి కావచ్చు. అమ్మేవాడి ఆధార్ కాపీతో అమ్మకం కాగితం రాయించుకోండి. మాట మీద కొన్న బండిని పోలీసులు వచ్చి తీసుకెళ్తే డబ్బు ఎవరిస్తారు?

ఇక ఎక్కువ బాధపెట్టే సంగతి పిల్లలది. బండి వచ్చిన రోజే తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి ఎక్కించి, సెల్‌ఫోన్‌లో వీడియో తీసి, బంధువులకు పంపుతారు. ఈ బండి చూస్తే నాలుగు చక్రాలు ఉన్నాయి కదా, పడిపోదు కదా అని నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకమే ప్రమాదం. హోండా 1970లో ఈ బండిని మూడు చక్రాలతో మొదలుపెట్టింది. తిరగబడి ప్రమాదాలు మితిమీరడంతో అమెరికాలో 1988 నుంచి ఆ మూడు చక్రాల కొత్త బండ్ల అమ్మకం ఆగిపోయింది. నాలుగు చక్రాలు వచ్చాక తిరగబడటం తగ్గింది గానీ ఆగలేదు. వందల కిలోల బరువున్న బండి, సీటు ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు తక్కువ. చైన్‌తో నడిచే చవక బండ్లలో వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద బిగించి ఉంటాయి. మలుపులో లోపలి చక్రం నిదానంగా, బయటి చక్రం వేగంగా తిరిగే వీలే ఉండదు. మట్టిలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, బండి ఎత్తేస్తుంది. రోడ్డు మీద తోలొద్దని కంపెనీలు స్టిక్కర్ అంటించేది ఇందుకే. 90 సీసీకి పైన ఉన్న బండిని 16 ఏళ్లలోపు వాళ్లు నడపకూడదని కూడా ఆ స్టిక్కర్లలోనే ఉంటుంది. పాత బండికి పెయింట్ వేసేటప్పుడు ఆ స్టిక్కర్లు మొదట పీకేస్తారు. రోడ్డు మీద మైనర్ నడిపి ప్రమాదం జరిగితే తల్లిదండ్రుల మీద, బండి ఓనర్ మీద కేసు పెట్టే సెక్షన్ 199ఏ 2019 నుంచి ఉంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. చట్టం సంగతి అటుంచి, రేపు చదువుకోవాల్సిన పిల్లాడి వెన్నెముక గురించి ఆలోచించండి.

మందు ట్యాంకు విషయం కూడా ఈ తిరగబడే ప్రమాదంలోదే. వెనక క్యారియర్ మీద ఎంత బరువు పెట్టొచ్చో ఒక రేకు మీద రాసి ఉంటుంది. చాలా బండ్లకు అది వంద కిలోలు కూడా ఉండదు. 200 లీటర్ల డ్రమ్ము కట్టి గట్టు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచిపోతాయి. సగం నిండిన ట్యాంకు నిండినదాని కంటే ప్రమాదం, ఎందుకంటే నీళ్లు మలుపులో ఒకవైపుకు పరుగెత్తుతాయి. మందు కొట్టాలంటే బరువును వెనక తగిలించుకునే చిన్న ట్రాలీ మీద పెట్టుకోండి, బండి కొనేటప్పుడే దానికి హుక్ ఉందా, ఆ హుక్ వెల్డింగ్ కంపెనీదేనా చూడండి.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఈ విషయాలు వ్యవసాయ పేజీలో ఫొటోలతో వేయించండి. ఫిల్టర్ డబ్బాలో ఒండ్రు గీత ఎలా ఉంటుందో, ఊళ్లో వేసిన వెల్డింగ్ ఎలా ఉంటుందో అక్షరాల కంటే బొమ్మలో త్వరగా తెలుస్తుంది. ఫొటోలకు నా షెడ్‌లో విప్పిన సామాను ఉంది, మీ విలేకరి వస్తే చూపిస్తాను. మన జిల్లాలోని ఐటీఐ, పాలిటెక్నిక్ మాస్టార్లకు కూడా ఒక మాట. మండలానికి ఒక రోజు రైతు సేవా కేంద్రం దగ్గర పాత బండి ఒకటి నిలబెట్టి, జాకీ వేసి చూపిస్తే పిల్లలకు ప్రాక్టికల్ అవుతుంది, రైతుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏం అడగాలో తెలుస్తుంది. తోతాపురి కోత అయిపోయి ఫ్యాక్టరీ డబ్బులు చేతికి వచ్చే ఆగస్టులోనే ఈ బండ్ల బేరాలు ఎక్కువగా జరుగుతాయి. ఆ లోపల వేస్తే చాలా మందికి ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక మెకానిక్, మామిడి రైతు,
పూతలపట్టు మండలం, చిత్తూరు జిల్లా